మర్రిగూడలో నేను తాగలేకపోయిన గ్లాసు నీళ్ళు

రెండు నెలల కిందట మర్రిగూడ నుంచి యాదగిరి సేటు ఫోన్ చేశాడు. ఆయనది సిమెంటు, పైపులు, నల్లాలు అమ్మే దుకాణం. నేను ఉండేది మహబూబ్‌నగర్‌లో. పైపులు తయారుచేసే ఒక కంపెనీకి సేల్స్ రెప్రజెంటేటివ్‌ని. కాబట్టి సేటు ఫోన్ అంటే ఆర్డరే అనుకుని పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆర్డర్ మొత్తం చెప్పాక ఆయన, "రమేశన్నా, ఇంకో ముచ్చట. నీ పాత ఫిల్టర్‌కు క్యాండిల్ ఏడన్న దొరుకుతదా? ఖాసింబీ నా పానం తీస్తాంది" అన్నాడు. ఏ ఫిల్టర్ అని అడిగాను. "గదే, రాష్ట్రమొచ్చిన కొత్తల నువ్వు బిగించిపోయినవ్ గద హోటల్ల. ఆమె మనవరాలు ఇంక అండ్ల నీళ్ళే తాగుతాంది" అన్నాడు. పెన్నుకు మూత పెట్టి పుస్తకం మూసేశాను. చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాను.

ఎందుకు అలా చేశానో ముందే చెప్పేస్తాను, దాచుకోవడం ఇప్పటికే ఎక్కువైంది. పైపుల కంటే ముందు నేను నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాణ్ణి. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. లోపల ఒక వడపోత క్యాండిల్, ఒక నీలం దీపం ఉండే ఫిల్టర్ అది. మట్టిని ఆపుతుంది, క్రిముల్ని చంపుతుంది, అంతే. మర్రిగూడ బోరు నీళ్ళలో ఉండేది మట్టీ కాదు, క్రిములూ కాదు, ఫ్లోరైడ్. అది పళ్ళను గారపట్టిస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకల్ని వంచుతుంది. ఆ ఫిల్టర్ దాన్ని ఏమీ చేయలేదు. అమ్మేనాటికి నాకు ఈ సంగతి తెలియదు. ఆరు నెలల తరువాత హైదరాబాద్ ట్రైనింగ్‌లో సర్వీస్ ఇంజనీర్‌ని పక్కకు పిలిచి అడిగితే, "ఫ్లోరైడ్ పోదు భాయ్, అడగనోళ్ళకు చెప్పకు" అన్నాడు. నేను అడగనివాళ్ళకు చెప్పలేదు. అడిగినవాళ్ళ దగ్గరికి మళ్ళీ పోలేదు. ఉద్యోగం మార్చుకుని, మర్రిగూడ ఆర్డర్లు ఫోన్లోనే రాసుకుంటూ, కృష్ణా నీళ్ళు నల్లాల్లో ఇంటింటికీ వచ్చాయి కదా, ఆ డబ్బాలు ఎప్పుడో పాతసామాను బండి ఎక్కి ఉంటాయని నాకు నేనే చెప్పుకుంటూ గడిపాను. ఫోన్ పెట్టేశాక మూడు ఆదివారాలు ఏదో ఒక వంకతో దాటేశాను. నాలుగో ఆదివారం శాంపిల్ సంచి ఇంట్లో వదిలేసి బయల్దేరాను.

ఈ దారిన పోవాలనుకునేవాళ్ళు పొద్దున్నే లేవాలి. మహబూబ్‌నగర్ బస్టాండులో ఆరింటిలోపు కల్వకుర్తి బస్సు పట్టుకుంటే పని సాఫీగా సాగుతుంది. జడ్చర్ల దాటాక కిటికీ పక్క సీటు విలువ తెలుస్తుంది. ఎర్రని చెలక నేలలు, మధ్యమధ్య ఏనుగంత బండలు, ఇప్పుడు పత్తి పగిలే కాలం కనుక రోడ్డుకు రెండువైపులా తెలుపు. టికెట్ తొంభైకి అటూఇటూ అయింది. ఏడున్నరకు కల్వకుర్తిలో దిగి బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను, చట్నీలో పల్లీలు బాగా వేస్తారు. రోడ్డుకు అవతల నా డీలర్ ఒకాయన షట్టర్ ఎత్తుతున్నాడు. మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. బోణీ కాకముందు కంపెనీ మనిషి దుకాణంలో కాలు పెట్టకూడదు. పొద్దున్నే మొదట వచ్చినవాడు కొనేవాడై ఉండాలి గాని అమ్మేవాడు కాకూడదు. అందుకే నేను రోడ్డుకు ఇవతలే ఆగిపోయాను. ఆయన చూసి, "సంచి ఏదన్నా? ఇయ్యాల ఎవలను ముంచవోతున్నవ్?" అని నవ్వాడు. పరాచికానికే అన్నాడు. నేను కూడా నవ్వి బస్టాండు వైపు నడిచాను.

ఎనిమిదిన్నరకు మల్లేపల్లి మీదుగా పోయే బస్సు దొరికింది, టికెట్ ఎనభై. రోడ్డు బాగుంది. కండక్టర్ ఆడమనిషి, టికెట్లు కొట్టడం అయ్యాక నా వెనక సీట్లో కూర్చుని కూతురి పరీక్షల గురించి ఫోన్లో గదమాయిస్తూనే ఉంది. నేను చెప్పవలసిన మాటలు మనసులో కూర్చుకుంటున్నాను. పదిహేడేళ్ళుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని కొత్తగా చేరిన పిల్లలకు నేనే పాఠాలు చెప్తుంటాను. ఆ రోజు మల్లేపల్లి వచ్చేదాకా ఒక్క వాక్యం కూడా కుదరలేదు. పదిన్నరకు అక్కడ దిగి, చింతపల్లి దాకా ఇంకో బస్సు, అక్కడి నుంచి మర్రిగూడకు షేర్ ఆటో. ఆటోకు నలభై అడిగాడు, నలుగురు ఎక్కేదాకా కదలడు, మీరూ ఆ ఓపిక పెట్టుకోండి.

ఆటో నడిపే అతని పేరు సైదులు. "ఎవలింటికి సార్?" అని అడిగాడు. ఖాసింబీ హోటల్‌కు అన్నాను. "మిర్చీలకా? గంత దూరంకెళ్ళి మిర్చీలకు వచ్చినవంటే నువ్వు తిండిపోతువే ఉన్నవ్" అని నవ్వించాడు. తరువాత తనే అందుకున్నాడు. "మా నాయినకు మెడ తిరగకపోతుండె సార్. పిలిస్తే మొత్తం మనిషే తిరిగి చూస్తుండె. గిప్పుడు నల్లా వచ్చినంక పిలగాండ్లకు గా బాధ లేదు. మా చిన్నోని పండ్లు చూడు, వేపపువ్వు లెక్కుంటయ్." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కిటికీలేని ఆటోలో బయటికి చూపు తిప్పుకున్నాను. నువ్వేం పని చేస్తావని అడిగాడు. పైపులు అమ్ముతానన్నాను. అబద్ధం కాదు, కానీ అడిగిన ప్రశ్నకు సగం జవాబే.

పదకొండున్నరకు హోటల్ ముందు దిగాను. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, గుమ్మం పక్కన మిర్చీ బజ్జీల బాండీ. పదేళ్ళ కిందట నేను వచ్చినప్పుడు ఖాసింబీ భర్త మౌలాలి ఈ బాండీ ముందు ఉండేవాడు. అతను కూడా మెడ తిప్పలేడు. నడుము వంగిపోయింది, మిర్చీలు తీసే గరిటె ఎత్తడానికి భుజం సహకరించేది కాదు. ఆ రోజు నా డెమో చూసి ఖాసింబీ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "సారూ, గీనకు అయినట్టు ఇంట్ల ఇంకెవ్వలకు కావొద్దు. గా రోగానికి ఇది పనిజేస్తదా?" నేను, "ఎందుకు చెయ్యదు బూబమ్మా" అన్నాను. మా వైపు పెద్ద వయసు ముస్లిం ఆడవాళ్ళను అలాగే ప్రేమగా పిలుస్తాం. డెమో అంటే ఏమిటో కూడా చెప్పాలి. గ్లాసు బోరు నీళ్ళలో చిటికెడు మట్టి కలిపి ఫిల్టర్‌లో పోసేవాణ్ణి, కింద నుంచి తేటగా వచ్చేవి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మర్రిగూడ బోరు నీళ్ళు మొదటి నుంచీ తేటగానే ఉంటాయి. తేట నీళ్ళలో నేనే మట్టి కలిపి, నేనే ఆ మట్టి తీసి చూపించాను. ఆ తరువాత మా పద్ధతి ప్రకారం మొదటి గ్లాసు నేనే గటగటా తాగాను. అమ్మినవాడు ముందు తాగితేనే కొన్నవాళ్ళు నమ్ముతారు.

ఖాసింబీ నన్ను వెంటనే గుర్తుపట్టింది. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి మాత్రం నిటారుగానే ఉంది. "ఫిల్టర్ సారు గద. యాదగిరికి చెప్తే క్యాండిల్ నువ్వే తెచ్చినవా?" అంది. మౌలాలి పోయి నాలుగేళ్ళయిందట. కొడుకు హైదరాబాద్‌లో లారీ మీద ఉంటాడు, కోడలు పత్తి ఏరడానికి పోయింది. ఎండన పడి వచ్చాను కదా అని బల్ల మీదున్న స్టీలు జగ్గు అందుకోబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అవి వద్దు సారూ. అవి నల్లా నీళ్ళు, వచ్చిన గిరాకికి పోస్తం. ముందల జర మందు వాసన వస్తుండె, నాకు మనసొప్పలే. నువ్వే చెప్పినవ్ గద, గీ ఫిల్టర్ నీళ్ళు తప్ప ఇంట్ల ఏ నీళ్ళు తాగొద్దని. మా ఆఫ్రీన్ పుట్టిననాటికెళ్ళి అవే." లోపలికి తిరిగి, "ఆఫ్రీన్, సారుకు మన నీళ్ళు తే" అని కేకేసింది.

దారిన పోయే ప్రతివాడికీ ఆ ఇంట్లో కృష్ణా నీళ్ళు పోస్తున్నారు. ప్రాణంగా పెంచుకునే పిల్లకు మాత్రం ఏరి కోరి, క్యాండిళ్ళు మార్చి మార్చి, బోరు నీళ్ళు తాగిస్తున్నారు. అదంతా నా మాట మీద.

ఆఫ్రీన్‌కు ఏడేళ్ళు. రెండు జడలు, ఒక చేతిలో గ్లాసు, ఇంకో చెయ్యి గ్లాసు కింద పెట్టుకుని ఒలక్కుండా తెచ్చింది. "తాగు సార్" అని నవ్వింది. పైన ముందు పళ్ళు రెండూ కొత్తగా వచ్చినవి. వాటి మీద సున్నం రాసినట్టు తెల్లని మచ్చలు, ఒక పంటికి అడ్డంగా పసుపు గీత. గ్లాసు తీసుకున్నాను. పెదాల దాకా తెచ్చి కింద పెట్టేశాను. మళ్ళీ తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. ఒక్క గ్లాసు తాగితే నాకేమీ కాదని నాకు తెలుసు. అయినా తాగలేకపోయాను, ఏడుపు వచ్చింది.

ఖాసింబీ బాండీ దగ్గర నుంచి చూస్తూనే ఉంది. "ఆనాడు గటగట తాగినవ్. ఇయ్యాల ఎందుకు తాగుతలేవు?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. బస్సులో కూర్చిన వాక్యాలేవీ గుర్తుకు రాలేదు. "ఆ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఆపదు బూబమ్మా. నేను నీకు తప్పు చెప్పాను. పాపకు ఈ నీళ్ళు ఆపెయ్యి, నల్లా నీళ్ళు తాగించు" అన్నాను. ఆమె బాండీలో ఉన్న మిర్చీలు ఒక్కొక్కటే తీసి జల్లెడలో వేసింది. స్టవ్ ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"ఆనాడు నీకు ఎరికేనా?"

"ఆనాడు తెలియదు. ఆరు నెలలకు తెలిసింది."

"ఆర్నెల్లకు ఎరికైతే పదేండ్లకు చెప్పవస్తివా" అంది. గొంతు పెంచలేదు. "అప్పటికి మా కొడుక్కు లగ్గం గూడ కాలే. గీ పోరి పుట్టనేలే. నీకు ఎరికైన నాడే ఒక్క బస్సెక్కి వచ్చుంటే దీని నోట్ల ఒక్క చుక్క పడకపోవు." తిడితే బాగుండుననిపించింది. ఫిల్టర్‌కు పెట్టిన పైసలు వాపస్ ఇస్తానని గొణిగాను. "పైసల ముచ్చట తియ్యకు, అసహ్యంగుంటది" అంది. తప్పయింది, మాఫ్ చెయ్యమన్నాను. ఆమె పిల్ల వైపు చూసింది. "మాఫ్ జెయ్యనీకి నేనెవల్ని సారూ? మచ్చలు పడ్డది నా పండ్లకా?"

ఆఫ్రీన్‌కు సగం అర్థమైనట్టుంది. నా దగ్గరికి వచ్చి, "మరి నా పండ్లు తెల్లగైతయా?" అని అడిగింది. అవుతాయని నోటిదాకా వచ్చింది. కొనేవాడి ముఖం చూసి వాడికి కావలసిన మాట అందించడం పదిహేడేళ్ళ అలవాటు. నాలుక కరుచుకుని, "నాకు తెల్వదు బిడ్డా. నల్గొండ దవాఖానల పండ్ల డాక్టర్‌ను అడుగుదాం" అన్నాను. తెలియదు అనే మాట మా వృత్తిలో ఎవరూ నేర్పరు. ఆ రోజు ఏడేళ్ళ పిల్ల ముందు మొదటిసారి అన్నాను.

"ఇప్పు" అంది ఖాసింబీ, గోడ మీది ఫిల్టర్ చూపించి. యాదగిరి దుకాణానికి పోయి పానా, స్క్రూడ్రైవర్ తెచ్చాను. సేటు వెంట వచ్చి, సంగతి విని, బయట మంచం మీద కూర్చుండిపోయాడు. ఆయన కూడా ఇన్నేళ్ళూ దేవరకొండ నుంచి క్యాండిళ్ళు తెప్పించి ఇచ్చినవాడే. నాలుగు స్క్రూలూ తుప్పు పట్టాయి, గంట పట్టింది. నేను బిగించినవే కాబట్టి ఎంత గట్టిగా బిగించానో నాకే తెలిసింది. డబ్బా కిందికి దిగాక గోడ మీద దాని మేరకు పాత నీలం రంగు, చుట్టూ పొగచూరిన నలుపు మిగిలాయి. బోరు పైపు చివరన యాదగిరి ఇచ్చిన మూత బిగించాను.

ఖాసింబీ బల్ల మీది జగ్గు తీసి ఒక గ్లాసు నిండా నల్లా నీళ్ళు పోసింది. నా చేతికిచ్చింది. "మొదటి గ్లాసు నువ్వే తాగాలె గద. తాగు." నేను తాగాను. నా గొంతు వంకే చూస్తూ ఉంది, ఆఖరి గుటక దిగేదాకా. తరువాత అదే జగ్గులోంచి ఆఫ్రీన్‌కు పోసింది. పిల్ల ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది, కానీ తాగింది. "గిది గూడ నువ్వు చెప్తేనే తాగిస్తున్న. గని ఈపాలి నీ నోటిమాట మీద ఉండ. కాయితం తే" అంది ఖాసింబీ. రెండు ప్లాస్టిక్ బాటిళ్ళు తెచ్చి ముందర పెట్టింది. ఫిల్టర్ విప్పకముందే పట్టి ఉంచిన నీళ్ళు ఒకదాంట్లో, నల్లా నీళ్ళు ఇంకోదాంట్లో పోసుకున్నాను. పోయేటప్పుడు రెండు మిర్చీలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆకలిగొన్న మనిషికి పెట్టడం ఆమె అలవాటు, దాన్ని నేను క్షమాపణగా లెక్క వేసుకోలేదు.

మూడు గంటలకు చండూరు మీదుగా నల్గొండ బయల్దేరి, చీకటి పడకముందే చేరాను. బస్టాండు దగ్గర ఆరువందలకు గది దొరికింది. సోమవారం పొద్దున నీటి పరీక్షలు చేసేచోట బాటిళ్ళు ఇచ్చాను. వారానికి కాగితాలు వచ్చాయి. నల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండవలసిన హద్దులోనే ఉంది. ఫిల్టర్ నీళ్ళలో హద్దు దాటి ఉంది. వాటిని తీసుకుని మళ్ళీ ఇదే దారిలో వెళ్ళాను. ఖాసింబీ రెండూ చదివించుకుని విన్నది, నల్లా నీళ్ళ కాగితాన్ని ఫిల్టర్ ఉన్న చోటే, ఆ నీలం రంగు మీద అంటించింది. పళ్ళ డాక్టర్ దగ్గరికి ఆఫ్రీన్‌ను తీసుకుపోవడం ఇంకా ఉంది. నేను కూడా వస్తానన్నాను. "రా" అంది.

నా పాత ఆర్డర్ పుస్తకంలో ఆ ఏడాది అమ్మినవి ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి. ఇప్పుడు ఆదివారాలు వాటికే. కొన్ని ఇళ్ళలో ఫిల్టర్ ఎప్పుడో పోయింది, ఒకచోట అందులో గింజలు పోసుకున్నారు. ఆ ఇంటిముందు నిలబడి నవ్వాను, దండం పెట్టుకున్నాను కూడా. ఊళ్ళు తిరిగి అమ్మేవాళ్ళకు దారులన్నీ కంఠతా ఉంటాయి. అమ్మిన తరువాత ఏమైందో చూడడానికి మాత్రం అదే దారి మాకు కనిపించదు. నాకు పదేళ్ళు కనిపించలేదు.

ఈ వైపు వచ్చేవాళ్ళకూ, బోరు నీళ్ళు తాగే ఏ ఊరివాళ్ళకైనా ఒక్కటే చెప్తాను. నీళ్ళు తేటగా ఉన్నాయని నమ్మకండి, నాలాంటివాడి నోటిని అసలే నమ్మకండి. శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌ను అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి, లీటరు నింపి, జిల్లా కేంద్రంలో పరీక్షకు ఇవ్వండి, ఫ్లోరైడ్ చూడమని విడిగా అడగండి. బాటిల్ మీద ఊరి పేరు, తేదీ రాయమంటారు. ఆ నీళ్ళు తాగేది ఎవరో కూడా రాయండి, ఎవరూ అడగకపోయినా. నేను ఫిల్టర్ నీళ్ళ బాటిల్ మీద "ఆఫ్రీన్, ఏడేళ్ళు" అని రాశాను.